రాగిపాలు తీయడానికి మిక్సీ ఎలా ఎంచుకోవాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బిడ్డకు ఆరు నెలలు నిండి తల్లిపాలతో పాటు మరో ఆహారం మొదలుపెట్టే రోజు వచ్చిందంటే, చాలా ఇళ్లలో ముందుగా గుర్తుకు వచ్చేది రాగిపాలతో కాచిన జావ. సంగటికైతే రాగులు మరపట్టిస్తే సరిపోతుంది. పాలు తీయాలంటే మాత్రం నానిన రాగులను నీళ్లతో రుబ్బి, గుడ్డలో వడగట్టి, పొట్టును వేరుచేయాలి. ఒకప్పుడు అవ్వలు రోటి దగ్గర కూర్చుని చేతి అంచనాతో చేసిన ఈ పనిని ఇప్పుడు మనం మిక్సీకి అప్పగిస్తున్నాం. అయితే మిక్సీ కొనడానికి అంగడికి వెళ్లినవారిలో ఎక్కువమంది వేసే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" అన్నదే. రాగిపాల విషయంలో ఆ ప్రశ్నకు ఉన్న విలువ తక్కువ. జార్ అడుగు ఎలా ఉంది, బ్లేడు ఎంత కిందికి అమరింది, ఆపి ఆపి తిప్పే వీలు ఉందా అన్న మూడు ప్రశ్నలకే ఎక్కువ విలువ ఉంది. అవి ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందుగా రాగి గింజ స్వభావం తెలియాలి.

రాగి గింజ అడ్డంగా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. వడ్లకు ఉన్నట్టు విడిగా ఊడివచ్చే ఊక దీనికి లేదు. ఎర్రని పైపొర లోపలి పిండిని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, దంచి చెరిగినంత మాత్రాన పోదు. రాత్రంతా నానబెట్టినప్పుడు లోపలి పిండి మెత్తబడుతుంది, పైపొర మాత్రం గట్టిగానే నిలుస్తుంది. పాలు తీయడం అంటే ఈ తేడాను వాడుకోవడమే. గింజ పగిలి లోపలి తెల్లని పిండి నీళ్లలోకి రావాలి, పైపొర మాత్రం గుడ్డలో నిలిచేంత పెద్ద ముక్కలుగా మిగలాలి. మిక్సీ మరీ మెత్తగా రుబ్బితే ఆ పొర కూడా పొడిపొడిగా మారి గుడ్డ నేతలోంచి పాలలోకి జారిపోతుంది. అలాంటి పాలతో కాచిన జావ నాలుకకు ఇసుకలా తగులుతుంది, పసిబిడ్డ దాన్ని ఉమ్మేస్తుంది. చాలామంది తల్లులు బిడ్డకు రాగి నచ్చలేదని అనుకుంటారు కానీ, చాలాసార్లు నచ్చనిది ఆ గరుకుదనమే.

రెండో సంగతి వేడి. రాగుల్లోని పిండిపదార్థం అరవై డిగ్రీల సెల్సియస్ దాటిన తర్వాత నీటిని పీల్చుకుని ఉబ్బి జిగురుగా మారడం మొదలుపెడుతుంది. జావ చిక్కబడేది అందువల్లనే. అది పొయ్యి మీద జరగాలి, జార్‌లో కాదు. ఇంట్లో వాడే మామూలు మిక్సీ జార్ మొత్తాన్ని అంత వేడికి తీసుకువెళ్లదన్న మాట నిజమే. అయినా ఆపకుండా మూడు నాలుగు నిమిషాలు తిప్పినప్పుడు, పైగా ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చిన వేడినీళ్లే పోసి రుబ్బినప్పుడు, బ్లేడు చుట్టూ ఉన్న పిండి బాగా వేడెక్కుతుంది. అప్పుడు గుడ్డ రంధ్రాలు పూడుకుపోయి ఎంత పిండినా పాలు దిగవు. అందువల్ల వేసవిలో కుండలోని నీళ్లు గానీ, ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు గానీ వాడడం మంచిది.

వాట్ల సంగతి

ఇప్పుడు అంగళ్లలో 500, 550, 750, 1000 వాట్ల మిక్సీలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎక్కువ వాట్లంటే బరువైన పనిని ఆగకుండా లాగగల మోటారు అని అర్థం. ఎండు పసుపు కొమ్ములు కొట్టే ఇల్లయితే, రోజూ గారెల పిండి గట్టిగా రుబ్బే ఇల్లయితే 750 వాట్లకు అర్థం ఉంది. నానిన రాగులు పసుపు కొమ్ముల్లాంటివి కావు. 100 లేదా 200 గ్రాముల నానిన గింజలను తగినన్ని నీళ్లతో పగలగొట్టడానికి 500 వాట్ల మోటారు చాలు. ఇంట్లో ఇప్పటికే బాగా పనిచేసే 500 వాట్ల మిక్సీ ఉన్నవారు కేవలం బిడ్డ జావ కోసం కొత్తది కొనవలసిన అవసరం లేదని నేను గట్టిగా చెప్పగలను. వారికి కావలసింది ఒక మంచి జార్ మాత్రమే, అది విడిగా దొరుకుతుంది. కొత్తగా సంసారం పెట్టుకుంటున్నవారు, అన్ని పనులకూ ఒకే మిక్సీ కావాలనుకునేవారు 750 వాట్లది తీసుకోవచ్చు.

వెయ్యి వాట్లు దాటిన, పెద్ద జార్‌తో వచ్చే విదేశీ పద్ధతి బ్లెండర్లను ఈ పనికి నేను సూచించను. వాటిలో కొన్ని ఐదారు నిమిషాలు ఆపకుండా తిప్పితే లోపలి ద్రవాన్ని సూపులా వేడెక్కించగలవు. గింజను పొట్టుతో సహా నీళ్లలో కలిసిపోయేంత మెత్తగా చేయడమే వాటి గొప్పదనం. పండ్ల రసానికి అది గుణం, రాగిపాలకు అదే దోషం. ఖర్చు సరేసరి. మన వంటింటి అవసరం వేరన్న సంగతి కొత్తదేమీ కాదు. విదేశీ యంత్రం మన పప్పులకు, మసాలాలకు నిలబడకపోవడం చూసిన సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు 1960లలో ముంబయిలో సుమీత్ మిక్సీని రూపొందించారు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న మూడు జార్‌ల మిక్సీలన్నీ ఆ దారిలో వచ్చినవే.

విద్యుత్తు గురించి చాలామందికి ఉన్న ఒక సందేహాన్ని ఇక్కడే తీర్చవచ్చు. 750 వాట్ల మిక్సీ 230 వోల్టుల వద్ద సుమారు మూడుంబావు ఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంది కాబట్టి, మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి సరిపోతుంది, పెద్ద ప్లగ్గు పాయింటు వేయించనక్కరలేదు. వోల్టేజీ తక్కువగా ఉండే పల్లెల్లో సాయంత్రం పూట మిక్సీ నెమ్మదించడం చూస్తూనే ఉంటాం. అలాంటి చోట జార్‌ను సగానికే నింపి తిప్పితే మోటారు మీద భారం తగ్గుతుంది. స్టీలు జార్ తడిచేతులతో పట్టుకునే వస్తువు కాబట్టి మిక్సీకి మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే ఇంట్లోని ఎర్తు సరిగా పనిచేస్తున్నదో లేదో చూపించుకోవాలి.

జార్, బ్లేడు

మిక్సీతో సాధారణంగా మూడు జార్‌లు వస్తాయి. ఒకటిన్నర లీటరు పెద్ద జార్, లీటరుకు అటూ ఇటూ ఉండే నడిమి జార్, 400 మిల్లీలీటర్ల చట్నీ జార్. రాగిపాలు అనగానే ద్రవం కదా అని పెద్ద జార్ తీసేవారు ఎక్కువ. 100 గ్రాముల రాగులు పెద్ద జార్‌లో వేస్తే బ్లేడు ఒక్కసారి తిరిగేసరికి గింజలన్నీ గోడలకు ఎగిరి అంటుకుంటాయి, బ్లేడు గాలిలో తిరుగుతుంది, మోటారు అరుస్తుంది, గింజలు మాత్రం అలాగే ఉంటాయి. నానిన గింజలు, నీళ్లు కలిపి బ్లేడు మీద రెండు వేళ్ల ఎత్తు ఉండాలన్నది గుర్తుంచుకోదగిన కొలత. ఒక్క బిడ్డకు ఒక పూటకు 50 గ్రాముల లోపు రాగులు చాలు కాబట్టి చట్నీ జార్ సరిపోతుంది. 100 నుంచి 200 గ్రాములకు నడిమి జార్ సరైనది. హల్వా కోసమో, వేసవిలో వడియాల కోసమో అర కిలో రాగులు రుబ్బేటప్పుడే పెద్ద జార్ పని వస్తుంది. జార్ మీద రాసిన కొలత అంచు వరకు పట్టే కొలత అని, మూత తోసుకుని రాకుండా వాడగలిగేది అందులో మూడింట రెండు వంతులేనని గుర్తు పెట్టుకోవాలి.

బ్లేడు దగ్గర చూడవలసినది పదును కంటే ముందుగా ఎత్తు. రెక్కల చివరలు పైకే వంగి ఉంటే, జార్ అడుగుకు, బ్లేడుకు మధ్య సందు ఎక్కువగా ఉంటే, రాగుల వంటి చిన్న గింజ ఆ సందులో చేరి ఎంతసేపు తిప్పినా పగలకుండా కూర్చుంటుంది. కింది జత రెక్కలు అడుగును దాదాపుగా తాకుతున్నట్టు ఉండి, పై జత గింజలను కిందికి నెట్టేలా ఉన్న జార్ ఎంచుకోవాలి. దీన్ని అంగట్లోనే పరీక్షించవచ్చు. ఒక చిన్న పొట్లంలో పిడికెడు ఎండు రాగులు వెంట తీసుకువెళ్లండి. "అన్నా, ఆ నడిమి జార్ ఒకసారి ఇవ్వండి" అని అడిగి, చెంచాడు రాగులు అందులో వేసి, జార్ కింద ఉండే కప్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. బ్లేడు వచ్చినప్పుడు గింజలు దాని ముందు దొర్లుతూ కదులుతుంటే ఆ జార్ మంచిది. గింజల మీదుగా బ్లేడు దాటిపోతూ, అవి ఉన్నచోటే ఉంటే ఆ జార్ వద్దు. అడుగు గుండ్రంగా ఉండి మూలలు లేకుండా గోడలోకి కలిసిపోయిందో లేదో వేలితో తడిమి చూడండి, మూల ఉన్నచోట పిండి పేరుకుంటుంది. తిరుపతి గాంధీ రోడ్డులోనైనా, చిత్తూరు చర్చి వీధిలోనైనా మర్యాదగా అడిగితే ఈ పాటి పరీక్షకు అంగడివారు అడ్డు చెప్పరు. ఆన్‌లైన్‌లో కొంటే ఈ వీలు ఉండదు కాబట్టి, జార్ విషయంలో మాత్రం చేత్తో చూసి కొనడమే నా సలహా.

జార్ స్టీలుదై ఉండాలి, 304 రకం స్టీలు అయితే మరీ మంచిది. పారదర్శకమైన ప్లాస్టిక్ జార్‌లో రుబ్బుడు ఎంతవరకు వచ్చిందో కనిపించడం ఒక సౌకర్యమే కానీ, గింజల రాపిడికి కొంతకాలానికి లోపల గీతలు పడి, ఆ గీతల్లో పిండి నిలిచి పులుస్తుంది. బిడ్డ ఆహారానికి అది పనికిరాదు. ఇక జార్ మధ్యలో బ్లేడు కడ్డీ తిరిగే బుష్‌ను తప్పనిసరిగా చూడాలి. పాత జార్‌లలో ఈ బుష్ అరిగి, కింద నుంచి నీరు కారడం, కొన్నిసార్లు నల్లని జిడ్డు లోపలికి రావడం జరుగుతుంది. జార్‌లో గ్లాసెడు నీళ్లు పోసి తెల్లని కాగితం మీద పావుగంట ఉంచితే తడి మరక పడుతుందో లేదో తెలిసిపోతుంది. మరక పడితే బుష్ మార్పించే వరకు ఆ జార్‌తో బిడ్డకు ఏదీ రుబ్బవద్దు.

స్విచ్ విషయంలో ఒక్కటే షరతు. నాబ్‌ను ఒక వైపు తిప్పి పట్టుకున్నంతసేపే తిరిగి, వదలగానే ఆగే పల్స్ ఉండాలి. కొన్ని మిక్సీల మీద దాన్ని విప్ అని, ఇంచర్ అని రాస్తారు. రాగిపాలు మొత్తం ఆ ఒక్క మీట మీదే తీయవచ్చు. మిక్సీ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 4250 అన్న అంకె ఉన్నాయో లేదో చూడండి, ఇంట్లో వాడే మిక్సీలకు భారతీయ ప్రమాణం అదే. భారం ఎక్కువైనప్పుడు మోటారును ఆపేసే ఎర్రని ఓవర్‌లోడ్ మీట కూడా అడుగున ఉండాలి.

మిగతా యంత్రాలు

చిన్న సీసా ఆకారంలో ఉండి తలకిందులుగా బిగించే బ్లెండర్లు ఇప్పుడు కొత్త దంపతుల ఇళ్లలో ఎక్కువయ్యాయి. కొద్దిపాటి రాగులను అవి బాగానే రుబ్బుతాయి. అయితే మూత మరల్లో, రబ్బరు వాషర్ కింద పిండి చేరుతుంది, దాన్ని ప్రతిసారీ విప్పి బ్రష్‌తో తోమే ఓపిక ఉన్నవారికే అవి తగినవి. చేత్తో పట్టుకుని గిన్నెలో ముంచే బ్లెండర్ ఈ పనికి అసలు రాదు, గింజలు దాని నుంచి తప్పించుకుని గిన్నె అంచుకు పారిపోతాయి. జ్యూస్ జార్‌లో మధ్యన జల్లెడ గొట్టం ఉన్న మిక్సీ తీసుకుంటే వడగట్టే పని తప్పుతుందని కొందరు ఆశపడతారు. కొబ్బరిపాలకు ఆ జల్లెడ బాగా పనిచేస్తుంది కానీ, రాగుల సన్నని పొట్టు దాని రంధ్రాల్లో ఇరుక్కుని రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది, ఆపై చివరికి గుడ్డే దిక్కవుతుంది.

ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన జిల్లాల ఇళ్లలో కనిపించే గ్రైండర్లలో చాలావరకు కోయంబత్తూరు నుంచి వచ్చినవే, ఆ ఊరి గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రాయి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు, పాల రుచి చాలా బాగుంటుంది. కానీ పావు కిలో కంటే తక్కువ రాగులు వేస్తే రాళ్లకు అందవు, ఎక్కువసేపు నలిపితే పొట్టు మిక్సీలో కంటే సన్నగా అయిపోతుంది. శుభకార్యానికి రాగిపాల హల్వా పెద్ద ఎత్తున చేసేటప్పుడు గ్రైండరే సరైనది. రోజూ బిడ్డకు పెట్టే జావకు మిక్సీ సరైనది.

కొన్న మిక్సీతో పాలు తీసే విధానం

100 గ్రాముల రాగులు తీసుకుని, మట్టి గడ్డలు, ఇసుక పోయేలా గాలించి, కడిగిన నీళ్లు తేటగా వచ్చే వరకు నాలుగైదు సార్లు కడగాలి. ఇసుక మిగిలితే పాలు పాడవడమే కాదు, బ్లేడు పదును, బుష్ రెండూ త్వరగా అరుగుతాయి. ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టాలి, ఎండాకాలంలో మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. వీలుంటే ఆ తర్వాత తడిగుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచితే సన్నని మొలకలు వస్తాయి. మొలకెత్తిన గింజలో పిండిని విడగొట్టే ఎంజైములు పెరుగుతాయి కాబట్టి జావ పలుచగా, బిడ్డ సులువుగా మింగేలా ఉంటుంది.

నడిమి జార్‌లో గింజలు వేసి, అవి మునిగేంత మాత్రమే చల్లని నీళ్లు పోయాలి. మొదట్లోనే ఎక్కువ నీళ్లు పోస్తే గింజలు తేలి బ్లేడుకు చిక్కవు. పది సెకన్లు పల్స్, ఐదు సెకన్లు విరామం, ఇలా నాలుగైదు సార్లు చాలు. అప్పుడు 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి ఒక్కసారి తిప్పి, గిన్నె మీద కట్టిన పలుచని తెల్లని నూలు గుడ్డలో పోయాలి. గుడ్డ కొత్తదైతే గంజి పోయేలా ముందే ఉతికి ఉండాలి. ఇక్కడ పిప్పిని చేతిలోకి తీసుకుని రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఎర్రని, పలుచని పొలుసులు మాత్రమే చేతికి తగిలితే రుబ్బుడు సరిపోయింది. పొలుసు లోపల తెల్లని పిండి ఇంకా కనిపిస్తే పిప్పిని మళ్లీ జార్‌లో వేసి, 100 మిల్లీలీటర్ల నీళ్లతో మరో రెండు మూడు పల్స్‌లు ఇవ్వాలి. పిప్పి పొలుసులుగా కాక పేస్టులా ముద్దకడితే అతిగా రుబ్బారని అర్థం, మరుసటి రోజు పల్స్‌లు తగ్గించుకోవాలి. ఈ పరీక్షతో రెండు మూడు రోజుల్లో మీ మిక్సీకి తగిన లెక్క మీకే తెలిసిపోతుంది.

వడగట్టిన పాలను ఫ్రిజ్‌లో రెండు గంటలు కదపకుండా ఉంచితే లేత బూడిద రంగు పిండి అడుగున చేరి, పైన ఎర్రని తేట నిలుస్తుంది. ఆ తేటను వంచేస్తే వగరు తగ్గుతుంది. అడుగున ఉన్నదానికి నీళ్లు కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ ఎనిమిది నుంచి పది నిమిషాలు కాస్తే జావ మెరుపు తేలుతుంది. ఏడాది నిండని బిడ్డకు ఇందులో ఉప్పు, చక్కెర, తేనె కలపకూడదు. కాచని రాగిపాలను ఏ రోజుకు ఆ రోజే వాడుకోవాలి.

ఒక నష్టాన్ని కూడా నిజాయితీగా చెప్పాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, కానీ అందులో పెద్ద భాగం మనం తీసివేసే పైపొరలోనే ఉంది. అందువల్ల పాలు తీయడం పసిబిడ్డ జీర్ణశక్తి కోసం చేసే ఏర్పాటే తప్ప, పెద్దవాళ్లకు అవసరం లేదు. ఇంట్లోని మిగతావారు పొట్టుతో కూడిన పిండితో చేసిన సంగటి, అంబలి తీసుకోవడమే మేలు. మిగిలిన పిప్పిని దోసెల పిండిలో కలుపుకోవచ్చు, ఆవు ఉన్న ఇల్లయితే కుడితిలో వేయవచ్చు.

కొన్న తర్వాత

రుబ్బడం అయిన వెంటనే జార్‌లో సగం నీళ్లు, చుక్క సబ్బు వేసి రెండు పల్స్‌లు ఇచ్చి కడిగేయాలి. రాగి పిండి ఆరితే బ్లేడు కింద సున్నంలా గట్టిపడుతుంది. మూతలోని రబ్బరు వాషర్‌ను ప్రతిరోజూ విప్పి కడగాలి, పులిసిన వాసన ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో జార్ లోపల తెల్లని పొర కడుతుంది, దాన్ని వారానికి ఒకసారి నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. చప్పుడుకు బిడ్డ లేస్తుందని మిక్సీ కింద మందపాటి గుడ్డ పరిచేవారు ఉన్నారు. మోటారుకు గాలి అందే రంధ్రాలు చాలా మిక్సీలకు అడుగునే ఉంటాయి కాబట్టి అలా చేయకూడదు. నడుస్తూ నడుస్తూ మిక్సీ ఆగిపోతే కంగారు పడకుండా ప్లగ్గు తీసి, జార్‌లోది కొంత తగ్గించి, ఐదు నిమిషాల తర్వాత అడుగున ఉన్న ఎర్ర మీట నొక్కితే చాలావరకు తిరిగి నడుస్తుంది.

ధర 500 నుంచి 750 వాట్ల మధ్య మిక్సీలకు సాధారణంగా 2,500 రూపాయల నుంచి 5,000 రూపాయల దాకా ఉంటుంది. రెండు మిక్సీల మధ్య తేల్చుకోలేకపోతే, ఏ కంపెనీ కప్లర్లు, బుష్‌లు, వాషర్లు మీ ఊరి మిక్సీ రిపేరు అంగట్లో ఎప్పుడూ దొరుకుతాయో ముందే అడిగి, దాన్నే తీసుకోండి. గ్యారంటీ సాధారణంగా మోటారుకే ఎక్కువ కాలం ఉంటుంది, అరిగిపోయే ఈ చిన్న భాగాలకు వర్తించదు. పలమనేరులోనో కుప్పంలోనో ఉన్నవారు ఒక్క వాషర్ కోసం తిరుపతి దాకా రావలసి వస్తే, అది ఎంత మంచి మిక్సీ అయినా నెలల తరబడి అటక మీదే ఉంటుంది. కొన్న రోజే గ్యారంటీ కార్డు మీద అంగడి ముద్ర, తేదీ వేయించుకుని, నడిమి జార్‌కు ఒక వాషర్, ఒక కప్లర్ అదనంగా తీసి పెట్టుకోండి.